సహకార పొదుపు సంఘం సభ్యత్వం: 14 ఏళ్ల తర్వాత నా సమీక్ష

నేను ఈ సంఘంలో చేరినప్పుడు వడ్డీ ఎంతిస్తారో కూడా అడగలేదు. పక్కింటి అక్క దరఖాస్తు తెచ్చి, "ముందు సంతకం పెట్టు, మిగతావి తర్వాత చెప్తా" అంది. పెట్టాను. అంతకుముందు బ్యాంకులో రెండుసార్లు రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టి, రెండూ మధ్యలోనే మూసేసిన మనిషిని నేను. ఈ 14 ఏళ్లలో మాత్రం నా పొదుపు మూడు నెలలే తప్పింది.

మా సంఘంలో సభ్యులను చిన్న చిన్న జట్లుగా విడదీశారు. నెలకోసారి జట్టంతా కూర్చుంటాం. ఎవరెంత కట్టారో రిజిస్టరు చూసి పైకి చదువుతారు. కట్టకపోతే జరిమానా ఉంది కానీ అది లెక్కలోకి రానంత తక్కువ. నేను మొదటిసారి కట్టని నెల, లెక్కలు రాసే అక్క జరిమానా ఊసే ఎత్తలేదు. "ఒంట్లో బాగుందా? ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" అని అడిగింది. మర్నాడే ఆ నెలది కట్టేశాను. ఆ ప్రశ్న నన్ను కదిలించినట్టు బ్యాంకు నోటీసు ఏదీ కదిలించలేదు.

చేరేముందు నాకు తోచని లాభం ఇంకొకటుంది. నాలుగు డబ్బులు చేతిలో ఉన్నాయని తెలిస్తే చేబదులు అడిగేవాళ్లకు కొదవుండదు. లేదని అబద్ధమాడలేం, ఉందని చెప్పి ఇవ్వకుండా ఉండలేం. "సంఘంలో వేశాను, ఇప్పుడు తీయనివ్వరు" అంటే ఎవరూ నొచ్చుకోరు. నా పొదుపులో సగమైనా ఈ ఒక్క మాట వల్లే నిలబడింది.

మధ్యలో ఒకసారి సంఘం వడ్డీ పెంచింది. మా జట్టులో ఒక్కరు కూడా కట్టే మొత్తం పెంచలేదు. మేమే ఇలా ఉన్నామేమో అనుకున్నాను. తర్వాత చిలీలో చిన్న వ్యాపారుల మీద చేసిన ప్రయోగం గురించి చదివాను. అక్కడా వడ్డీ బాగా పెంచితే చాలామందిలో మార్పే రాలేదట, జట్టుగా కూర్చున్నవాళ్ల పొదుపు మాత్రం బాగా పెరిగిందట. కర్ణాటకలో 60 గ్రామాల్లో చేసిన మరో అధ్యయనంలో, తమ పొదుపు లెక్క ఊళ్లోనే మరొకరికి తెలిసేలా ఏర్పాటు చేస్తే ఆ పొదుపుదారుల మొత్తం పొదుపు 35 శాతం పెరిగింది. ఆ ఊళ్లో అందరితో మాట కలిసే మనిషికి లెక్క తెలిస్తే ప్రభావం ఇంకా ఎక్కువ. లెక్కలు రాసే మా అక్క సరిగ్గా అలాంటి మనిషి.

ఇక లోపాలు. అందరూ ఎంత కడితే మనమూ అంతే కడతాం. నాకు జీతం పెరిగాక కూడా ఏడేళ్లపాటు పాత మొత్తమే కట్టాను, ఎక్కువ కడితే గొప్పలకు పోతున్నానని అనుకుంటారేమోనని. తక్కువ కట్టాల్సి వచ్చినవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. రిజిస్టరులో తగ్గిన అంకె వినబడటం ఇష్టంలేక ఇద్దరు సభ్యత్వమే మానుకున్నారు. పైకి చదివే పద్ధతిలో ఈ క్రూరత్వం ఉంది. ఎంత కట్టారో చదవకుండా, కట్టారా లేదా అన్నది మాత్రం చదివితే చాలని నా గట్టి అభిప్రాయం.

జామీను సంగతి వేరే చెప్పాలి. స్నేహితురాలి అప్పుకు జామీను సంతకం పెట్టాను. ఆమె వాయిదాలు ఆపేసింది. ఏడాదిన్నరపాటు నా సొంత పొదుపు తీసుకోనివ్వలేదు. డబ్బు చివరికి చేతికొచ్చింది, స్నేహం పోయింది. ఆమె ద్వారా చేరిన నలుగురు కూడా పొదుపు మానేశారు. తీసుకొచ్చిన బంధమే తీసుకుపోయింది. 1864లో జర్మనీలోని హెడ్డెస్‌డోర్ఫ్‌లో సహకార సంఘాలకు ఆద్యుల్లో ఒకడైన రైఫైజెన్ పెట్టిన పరపతి సంఘంలో, అంటే సభ్యులకు అప్పులిచ్చే సంఘంలో, ఒకరి బాకీకి అందరూ పూచీ. అందుకే ఒకరినొకరు ఎరిగినవాళ్లుండే చిన్న పరిధిలోనే సంఘం నడవాలని ఆయన పట్టుబట్టాడు. జామీను కాగితం మీద నా పేరు ఉన్నప్పుడే ఆ పట్టుదల ఎందుకో అర్థమైంది.

ఈమధ్య కట్టడం ఫోన్‌లోకి మారింది, సమావేశాలు మూడు నెలలకోసారి అయ్యాయి. మొదటి ఏడాది మా జట్టులో బాకీలు పెరిగాయి. తర్వాత ఇద్దరిద్దరం జతలుగా ఏర్పడి, కట్టగానే ఒకరికొకరం మెసేజ్ పెట్టుకోవడం మొదలుపెట్టాం. ఇప్పుడు దాదాపు పాత స్థితికొచ్చాం. చిలీ ప్రయోగంలోనూ ఎదురెదురుగా కూర్చోకపోయినా మెసేజీలతో పని జరిగిందనే చెప్పారు.

ఒంటరిగా క్రమం తప్పకుండా దాచుకోగలిగినవాళ్లకు ఈ సభ్యత్వం అంతగా అక్కర్లేదు. నాలాగా మొదలుపెట్టి ఆపేసేవాళ్లు చేరండి. చేరేముందు రెండు విషయాలు అడగండి: జామీను రాస్తే మీ పొదుపులో ఎంతవరకు ఆపుతారు, ఒక సభ్యుడు ఎంతమందికి జామీను ఉండొచ్చు. నేను ఇప్పుడు ఒక్కరికే ఉంటున్నాను, అదీ వాళ్ల ఏడాది రిజిస్టరు చూశాకే.