అడ్డంగా అల్లే లేస్ స్వెటర్ కిట్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

తిరుపతి, చిత్తూరు వైపు అల్లిక చేసే అక్కచెల్లెళ్లందరికీ ఈ మాట చేరాలి. ఫోన్లో ఆర్డర్ తీసుకుని లేస్ స్వెటర్ కిట్లు పంపే ఒక దుకాణం నుంచి నేనూ ఒకటి తెప్పించాను. ధనుర్మాసంలో తెల్లవారుజామున కొండ మీద చలికి అమ్మకు పనికొస్తుందని. "నూటికి నూరు శాతం మెరినో ఊలు, ఉండలన్నీ ఒకే లాటు" అని నమ్మబలికారు. మెరినో అంటే ఒక రకం మెత్తటి గొర్రె ఊలు, ఒకే లాటు అంటే అన్నీ ఒకే విడతలో రంగు వేసినవి. ఆ రెండు మాటలూ అబద్ధమే.

ఇది కింద నుంచి పైకి అల్లే మామూలు స్వెటర్ కాదు. ఒక మణికట్టు దగ్గర కుట్లు ఎక్కించి ఆ చెయ్యి, ఒళ్లు, రెండో చెయ్యి వరకు అడ్డంగా అల్లుకుంటూ పోవాలి. వేసుకున్నాక వరసలు నిలువుగా పడతాయి. లేస్ కంతలు భుజం నుంచి నడుము దాకా దిగుతుంటే చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ ఊలులో మోసముంటే దాచుకునే చోటే ఉండదు.

నాకొచ్చిన ఉండలకు లేబుళ్లు లేవు, ఉత్త పాలిథీన్ కవర్లో చుట్టి పంపారు. ట్యూబ్‌లైట్ కింద అన్నీ ఒకే నెమలికంఠం రంగు. పగటి వెలుతురులో చూస్తే, కొత్త ఉండ అందుకున్న చోట మెడ కింద నుంచి నడుము దాకా స్కేలు పెట్టి గీసినట్టు గీత. ఒకవైపు పచ్చ ఛాయ, ఇంకోవైపు నీలం. మామూలు స్వెటర్లో అయితే తేడా ఉండను అంచుకో చేతుల చివరకో వాడేయొచ్చు. ఇందులో అది నట్టనడుమ ఎదురుగా నిలబడింది.

అనుమానమొచ్చి దారం ముక్క కత్తిరించి పళ్లెంలో పెట్టి అంటించాను. అసలు ఊలైతే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్లతో నలిపితే పొడైపోతుంది. ఇది కరిగి నల్లటి గట్టి పూసలా గడ్డకట్టింది. అక్రిలిక్, అంటే కృత్రిమ దారం! అక్రిలిక్ చెడ్డదని కాదు, పిల్లల స్వెటర్లకు అదే సులువు. మెరినో డబ్బులు తీసుకుని అది అంటగట్టడమే అన్యాయం. లేస్‌ను తడిపి, సాగదీసి, గుండుసూదులు గుచ్చి ఆరబెడితేనే కంతలు విచ్చుకుంటాయి. ఊలు ఆ ఆకారం పట్టి ఉంచుతుంది. ఇది సూదులు తీయగానే ముడుచుకుపోయింది.

డిజైన్ కాగితం ఇంకో దగా. 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లో రాశారు, ఎన్ని వరసలో రాయలేదు. అడ్డం అల్లికలో కుట్లు పొడవును తేలుస్తాయి, వరసలు వెడల్పును. ఒంటి వెడల్పు 50 సెంటీమీటర్లు కావాలంటే, 10కి 28 వరసల చొప్పున 140 వరసలు అల్లాలి. మీ చేతికి 32 పడితే ఆ 140 వరసలకు వచ్చేది 44 లోపే. స్వెటర్ పట్టదు.

ఫోటోలు పంపితే "ఉతికితే సర్దుకుంటుంది మేడమ్, అల్లేసిన సరుకు వాపసు తీసుకోం" అన్నారు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను.

డబ్బు పంపేముందు ప్రతి ఉండ లేబుల్ ఫోటో అడగండి. లాటు నంబరు, ఊలు రకం, బరువు కనిపించాలి. చూపించకపోతే కొనకండి. ఇప్పటికే ఇలాంటి కిట్ మీ ఇంట్లో ఉంటే బిల్లు, కవరు పారేయకండి. కుట్లు ఎక్కించకముందే ఒక ముక్క అంటించి చూడండి.