నాలుగేళ్ళు వాడాక గూగుల్ షీట్: మా ఐదు బడుల పిల్లల చదువు లెక్క

నెల్లూరు జిల్లా ఉదయగిరి దుర్గం కొండ కనపడే ఊళ్ళో మా బడి. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, ఇద్దరం టీచర్లం. చుట్టుపక్కల ఇంకో నాలుగు ప్రాథమిక బడుల వాళ్ళతో కలిపి మొత్తం తొమ్మిది మందిమి, ఏ పిల్లకు చదవడం ఎంతవరకు వచ్చిందో ఒకే గూగుల్ షీట్‌లో, అంటే ఎవరి ఫోన్ నుంచి వాళ్ళం తెరిచి నింపే గడుల పట్టికలో, రాసుకుంటున్నాం. కోవిడ్ తర్వాత 2021 ఆగస్టు 16న బడులు తెరిచిన కొత్తలో మొదలుపెట్టాం. మధ్యలో ఒకసారి విసుగొచ్చి మానేశాం, నెలన్నరకు మళ్ళీ తెరిచాం. మేమూ పెట్టుకుంటామని కొందరు టీచర్లు అడుగుతున్నారు కాబట్టి పనికొచ్చింది, తిప్పలు పెట్టింది ఉన్నదున్నట్టు రాస్తున్నా.

అప్పటిదాకా ఎవరి నోటుపుస్తకం వాళ్ళది. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో కూర్చుంటే అందరిదీ ఒకటే మాట: "మూడో తరగతికి వచ్చారు గానీ సగం మందికి చదవడం రాదు మేడం." ఏ సగం? ఏం రాదు? అక్షరాలా, గుణింతాలా, వత్తులా? అలా అడిగితే అందరం బల్ల వైపు చూసేవాళ్ళం. మాలో అందరికంటే చిన్నాయన ఒక సారు అక్కడికక్కడే లాప్‌టాప్ తెరిచి, ఐదు బడులకు ఐదు ట్యాబులు (ఒకే షీట్‌లో బడికో విడి పేజీ) పెట్టి, లింకు వాట్సాప్ గ్రూపులో వేశారు. పైసా ఖర్చు లేదు, కొత్త యాప్ నేర్చుకునే పని లేదు. అరగంటలో మొదలైపోయింది. తిప్పలన్నీ ఆ తర్వాతే.

మొదట మెట్లు నాలుగే పెట్టాం: అక్షరం, పదం, పేరా, కథ. ప్రథమ్ సంస్థ అసర్ సర్వేలో ఊరూరా పిల్లల చేత చదివించి చూసేది దాదాపు ఈ మెట్లతోనే. దేశమంతా చూడడానికి అవి సరిపోతాయి. రేపు పొద్దున క్లాసులో ఏం చెప్పాలో తేల్చుకోవడానికి మాకు చాలలేదు. తెలుగులో అక్షరానికీ పేరాకూ మధ్య పెద్ద గొయ్యి ఉంది. "పలక, బడి, గిలక" గడగడా చదివిన పిల్ల "బొగ్గు" దగ్గర ఆగిపోతుంది. "బొగ్గు" దాటినవాడు "పుస్తకం"ను "పుసకం" అంటాడు, "రాత్రి"ని "రాతి" చేస్తాడు. వీళ్ళిద్దరినీ "పదం" అనే ఒకే గడిలో పెడితే ఇద్దరికీ ఒకే పాఠం చెప్తాం, అది ఇద్దరికీ అక్కరకు రాదు. మూడు నెలలకు మెట్లు ఏడు చేశాం: అక్షరాలు, గుణింతాలు, సరళ పదాలు, ద్విత్వాక్షరాలు, సంయుక్తాక్షరాలు, పేరా, కథ. ఈ నాలుగేళ్ళలో మేం చేసిన మంచి పని ఇదే. నిజానికి దీనికి షీట్‌తో సంబంధం లేదు, గోడ మీద చార్టు కట్టుకున్నా ఇదే చేయొచ్చు.

చదివించే వాక్యం పుస్తకంలోది కాకూడదని కూడా అప్పుడే అనుకున్నాం. మొదటి పాఠమైతే మా పిల్లలు పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా అప్పజెప్తారు. ఉదయగిరి చెక్క గరిటెలకు పేరు, మా బళ్ళో కొందరి తల్లులు ఆ పనికి పోతారు. అందుకని "అమ్మ చెక్కతో గరిటె చేసింది" లాంటివి మేమే రాసుకుని వారానికొకసారి మారుస్తాం.

ఇక గడుల్లో జరిగిన భాగోతాలు. పది పదాల్లో ఏడు చదివితే 7/10 అని రాసేవాళ్ళం, మనకు అలవాటైన రాత. స్ప్రెడ్‌షీట్‌కు అది తేదీ. గడిలో 7/10 గానే కనపడుతుంది, లోపల మాత్రం ఆ ఏడాదిలో ఒక రోజు కింద దాచుకుంటుంది. 1899 చివరి నుంచి ఎన్నో రోజో లెక్కపెట్టుకోవడం దాని పద్ధతి. నెలాఖరున సగటు తీస్తే మా రెండో తరగతికి 44 వేల చిల్లర వచ్చింది. "ఏంది మేడం, మీ పిల్లోళ్ళు లైబ్రరీ మొత్తం మింగేశారా?" అని పక్క బడి సారు వారం రోజులు ఆటపట్టించారు. ఇప్పుడు వట్టి 7 అని రాస్తున్నాం. భిన్నం లాగే రాయాలనిపిస్తే ఆ నిలువు వరసను ముందుగానే ప్లెయిన్ టెక్స్ట్‌కు, అంటే రాసింది రాసినట్టే ఉంచే పద్ధతికి, మార్చుకోండి.

స్పెల్లింగుల గోల ఇంకొకటి. ఒకరు పేరా అని, ఒకరు పేర అని, ఒకరు ప్యారా అని, ఇంకొకరు ఇంగ్లీషులో. లెక్కపెట్టే ఫార్ములాకు ఇవన్నీ వేరువేరు. ఐదు బడుల్లోనూ కలిపి పేరా చదివేవాళ్ళు నలుగురే అని చూపించేసరికి గుండె జారిపోయింది. టైపు చేయకుండా జాబితాలోంచి ఎంచుకునే డ్రాప్‌డౌన్ పెట్టాక ఆ బాధ పోయింది. మొదటి రోజే పెట్టండి, బతిమాలుతున్నా.

అన్నిటికంటే పెద్ద దెబ్బ 2022 నవంబరులో. ఒక టీచరు పేర్లు అక్షరక్రమంలో ఉంటే బాగుంటుందని పేర్ల వరస ఒక్కటే ఎంచుకుని సార్ట్ కొట్టారు. పేర్లు జరిగాయి. మెట్లు, మార్కులు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఒకరి పేరు పక్కన ఇంకొకరి చదువు. తొమ్మిది రోజులు ఎవరమూ గమనించలేదు, ఎవరి ట్యాబు వాళ్ళం చూసుకుంటున్నాం కదా. పదో రోజు ఆ బడి మేడం ఫోన్ చేసి, "అక్కా, నిన్న నా ముందు కథ చదివిన పిల్ల ఇక్కడ గుణింతాల్లో ఉందేంది?" అన్నారు.

వెర్షన్ హిస్టరీ అని ఒకటుందని నాకు తెలిసింది ఆ రాత్రే. ఏ రోజు, ఏ గంటకు, ఎవరు ఏం మార్చారో చూపిస్తుంది. పాత రూపాన్ని ఒక్క నొక్కుతో వెనక్కి తేవచ్చు కూడా. అయితే అది షీట్ మొత్తాన్ని వెనక్కి తీసుకుపోతుంది, ఆ తొమ్మిది రోజుల్లో మిగతా నాలుగు బడుల వాళ్ళు రాసుకున్నవీ పోతాయి. అందుకని పాత రూపాన్ని విడిగా కాపీ తీసి, చెడిపోయిన ట్యాబును మాత్రం దాంట్లోంచి తెచ్చుకున్నాం. సార్ట్ తర్వాత రాసినవి ఒక్కో పేరూ చూసుకుంటూ చేత్తో ఎక్కించాం. రెండు సాయంత్రాలు పట్టింది. అప్పట్నుంచి పేరు పక్కన అడ్మిషన్ నంబరు రాస్తున్నాం, పేర్ల వరసను షీట్ ఓనర్ తప్ప ఎవరూ మార్చకుండా ప్రొటెక్ట్ చేసి పెట్టాం. వరస మార్చి చూసుకోవాలనిపించిన వాళ్ళు ఫిల్టర్ వ్యూ తెరుచుకుంటారు. అది తెరిచినవాళ్ళ కంటికే మారుతుంది, పక్కవాళ్ళ షీట్ చెదరదు.

ఇన్ని తిట్టుకుంటూ ఎందుకు వాడుతున్నామంటే, మిరప కోతల వల్ల. సంక్రాంతి పోగానే మా ఊళ్ళ నుంచి కొన్ని కుటుంబాలు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతాయి. వెంట పోయిన పిల్లల వరస రెండు మూడు నెలలు ఖాళీగా ఉంటుంది, దానికి ఏ షీటూ ఏమీ చేయలేదు. కొందరిని మాత్రం పక్క ఊళ్ళో అమ్మమ్మ దగ్గర వదిలిపోతారు. వాళ్ళు ఏ కాగితమూ లేకుండా పోయి పక్క ఊరి బళ్ళో కూర్చుంటారు. పూర్వమైతే అక్కడి టీచరు మళ్ళీ అ ఆల నుంచి అందుకునేవారు. 2024 జనవరిలో అలా పోయిన మూడో తరగతి పిల్లాడి వరసలో నేను రాసింది ఇది: "ద్విత్వాలు వచ్చాయి. ర వత్తు చూసీ చూడనట్టు వదిలేస్తాడు. అందరి ముందు చదవమంటే గొంతు రాదు, పక్కన కూర్చోబెట్టుకుంటే చదువుతాడు." ఆ బడి మేడం మొదటి రోజే వాణ్ణి తన కుర్చీ పక్కన కూర్చోబెట్టుకున్నారంట. ఏప్రిల్‌లో వాడు తిరిగొచ్చేసరికి ఆమె రాత ఉంది: "రాత్రి, చక్రం, పత్రిక చదివాడు. స్త ఇంకా రాలేదు." వాడి గురించి మేమిద్దరం ఫోన్‌లో ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

ఆ రాతల వరసకు మేం పెట్టిన పేరు "ఎక్కడ ఆగింది". మొదట్లో అది లేదు. ఒక మెట్టు మారడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా గడి చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది, మనకే నీరసం వస్తుంది. ఎక్కడ ఆగిందో రాస్తుంటే వారం వారం ఏదో ఒకటి కదులుతుంటుంది. ఫోన్‌లో తెలుగు టైపు చేయడం కష్టమనేవాళ్ళు కీబోర్డులో మైకు నొక్కి చెప్పేయండి, నేనూ అదే చేస్తా. పిల్లల పేర్లు మాత్రం మైకు తనకు తోచినట్టు రాసుకుంటుంది, చూసుకోవాలి.

ఇప్పుడు చెప్పడానికి మనసు రాని సంగతి. రెండో ఏడాది మెట్టును బట్టి గడి రంగు మారేలా పెట్టుకున్నాం. కింది మెట్లకు ఎరుపు, నడిమి వాటికి పసుపు, పేరా దాటితే పచ్చ. మాకు మేము చూసుకోవడానికే. ఎవరో మెచ్చుకుని పైకి చెప్పారు, పైవాళ్ళు తెప్పించుకున్నారు, ఒక సమీక్షలో తెర మీద వేశారు. ఎరుపు ఎక్కువున్న బడుల వాళ్ళను లేపి నిలబెట్టారు. మా ట్యాబులో ఎరుపు పదకొండు. తర్వాతి సమీక్షకు ముందు రాత్రి నేను ఆరుగురు పిల్లల్ని గుణింతాల నుంచి సరళ పదాలకు మార్చాను. చదివించి కాదు. ఇంట్లో, అన్నం తిన్నాక, మంచం మీద కూర్చుని. నాలుగు నిమిషాల పని. మర్నాడు సమీక్షలో నన్ను లేపలేదు.

నేనొక్కదాన్నే కాదు. ఆ వారం ఐదు ట్యాబుల్లోనూ పసుపు పెరిగింది, ఎవరం ఎవరితోనూ అనుకోకుండానే. గడి మీద నొక్కి ఎడిట్ హిస్టరీ తెరిస్తే నా పేరు, రాత్రి 9.40 అని కనపడుతుండేది. ఆ నెలంతా అప్పుడప్పుడు తెరిచి చూసుకునేదాన్ని. షీట్‌లో పసుపు చూసి ఆ ఆరుగురికీ ద్విత్వాలు మొదలుపెట్టి, వాళ్ళు దిక్కులు చూస్తుంటే వాళ్ళ మీదే అరిచాను కూడా. మానేశామని పైన రాశానే, అది అప్పుడే.

మళ్ళీ తెరిచినప్పుడు రంగులు తీసేశాం. పైకి పంపడానికి వేరే షీటు పెట్టాం. దాంట్లో పేర్లు ఉండవు, ఏ మెట్టులో ఎంతమందో అంకెలు మాత్రమే, అవీ మా షీట్ నుంచి ఫార్ములాతో వాటంతటవే వస్తాయి. ఇంతవరకు ఎవరూ పేర్లు అడగలేదు.

లింకు సంగతి. లింకు ఉన్నవాళ్ళెవరైనా చూడొచ్చని పెట్టి గ్రూపులో వేశాం, అది గ్రూపులోనే ఉంటుందనుకున్నాం. ఒక రోజు షీట్ పైన మా పేర్ల పక్కన ఎవరో "అనానిమస్ క్యాపిబారా" అని కనపడింది. లింకుతో వచ్చిన ముక్కూమొహం తెలియనివాళ్ళకు గూగుల్ ఇలా జంతువుల పేర్లు పెడుతుంది. అదేం జంతువో కూడా మాకు తెలియదు. మూడు రోజులకు ఒక తండ్రి బడికొచ్చి, "మా పాపకు ఇంకా అక్షరాలే రాలేదని ఊళ్ళో అందరి ఫోన్లలో ఉందంట గదా టీచరమ్మా" అన్నాడు. తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది. ఆ సాయంత్రమే తొమ్మిది ఈమెయిళ్ళకు తప్ప తెరుచుకోకుండా మార్చాం. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వాళ్ళ వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. చట్టం అటుంచండి, ఆయన ముఖం చాలు నాకు.

మిగతావి చిన్నవి. మా బళ్ళో సిగ్నల్ చేతిపంపు దగ్గర వేపచెట్టు కిందే వస్తుంది. షీట్‌ను ముందుగా ఆఫ్‌లైన్‌లో పెట్టుకుంటే బళ్ళో రాసింది ఇంటికొచ్చాక ఎక్కుతుంది. ఇద్దరు ఒకే గడిలో వేలు పెడితే ఒకరిది పోతుంది, కాబట్టి ఎవరి తరగతి వాళ్ళదే. పిల్లలు చదివేటప్పుడు వీడియో తీసి గడిలో లింకు పెడదామని ఒక మేడం ఉత్సాహపడ్డారు. ఉచితంగా వచ్చే 15 జీబీలోనే ఆమె మెయిళ్ళు, మనవరాలి ఫోటోలు కూడా ఉన్నాయి, రెండు నెలల్లో నిండిపోయింది. 2025 వేసవి బదిలీల్లో షీట్ ఓనరైన చిన్న సారు వేరే మండలానికి పోయారు. పోతూ పోతూ ఓనర్‌షిప్ నాకు పంపారు. నేను ఒప్పుకుంటే గాని మారదని తెలియక పదిహేను రోజులు ఆ మెయిల్ తెరవలేదు. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన పిల్లల పేర్లు ఎక్కించడానికి కూడా ఆయనకే ఫోన్ చేయాల్సి వచ్చింది.

ఐదుకు మూడున్నర ఇస్తాను. పిల్లలు బడులు మారని చోట, ఒక్క టీచరే ఉన్న చోట నోటుపుస్తకం చాలు, దీని జోలికి పోవద్దు. నేను ఇప్పటికీ క్లాసులో ఫోన్ తీయను. తీస్తే పిల్లలు చదవడం ఆపి దాంట్లోకి చూస్తారు. నోటుపుస్తకంలో రాసుకుని శనివారం ఇంటికి పోయేటప్పుడు బస్సులో ఎక్కిస్తాను. మొన్న బుధవారం ఒక రెండో తరగతి పిల్ల నా భుజం మీద నుంచి తొంగి చూసి, తన పేరు పక్కన నేను రాసుకున్న "బొగ్గు" అనే మాట పైకి చదివింది. "టీచర్, ఇది నాకు వచ్చు గదా, ఎందుకు రాశారు?" అంది. ఈ శనివారం ఆ గడి మార్చాలి.