కలిసి ఉండే అద్దె గదిలో సామాన్లకు ఏది మేలు: సూట్‌కేసా, గోడ బీరువానా, ట్రంకు పెట్టెనా?

తిరుపతిలో బాలాజీ కాలనీ, భవానీ నగర్, కొర్లగుంట చుట్టుపక్కల ఒకే గదిలో ముగ్గురు నలుగురు కలిసి అద్దెకుండటం మామూలే. ఇట్లాంటి గదికి దొంగ గోడ దూకి రానక్కర్లేదు. దర్శనానికని ఒకరి ఊరి నుంచి చుట్టాలు దిగుతారు, స్నానాలకు గది ఇస్తారు, బీగం చెవి కిటికీలో పెట్టి క్లాసుకు పోతారు. బ్రహ్మోత్సవాల రోజుల్లో గదిలో ఉన్నవాళ్లు ఎవరి తరఫో కూడా తెలీదు. అందుకని పెట్టె ఎంత గట్టిదో చూసేముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. దీని చెవి ఇంకెవరి దగ్గరైనా ఉందా? ఎవరైనా తెరిస్తే గుర్తు మిగులుతుందా? ఈ రెండిట్లోనూ నెగ్గేది ట్రంకు పెట్టె. లాక్ మార్చుకున్న బీరువా దాని తర్వాత. జిప్పు సూట్‌కేసు ప్రయాణానికే సరి.

సూట్‌కేసు

జిప్పు పళ్ల మధ్య బాల్‌పెన్ను మొన గుచ్చి నొక్కితే జిప్పు విచ్చుకుంటుంది. పని కాగానే రన్నర్లను ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి లాగితే పళ్లు మళ్లీ కలిసిపోతాయి. నంబర్ లాక్ వేసింది వేసినట్టే ఉంటుంది, డబ్బు మాత్రం ఉండదు. రెండు రన్నర్లకూ కలిపి చిన్న బీగం వేసి వదిలేసేవాళ్లకు జరిగేది ఇదే, ఎందుకంటే రెండూ జంటగా జరుగుతాయి. ఆ బీగాన్నే పిడికి కూడా కలిపి వేస్తే రన్నర్లు కదలవు. అప్పుడు విప్పిన జిప్పు విప్పినట్టే ఉండి సంగతి బయటపడుతుంది.

మూడంకెల లాక్‌కు 000 నుంచి 999 దాకా ఉండేవి వెయ్యి నంబర్లే. రెండు సెకన్లకు ఒకటి చొప్పున తిప్పినా అరగంట చిల్లరలో అయిపోతాయి. ఎర్ర గుర్తూ చెవి రంధ్రమూ ఉన్న ప్రయాణపు లాకులకు చెవి కొన్నవాళ్లకు ఇవ్వరు, అది విమానాశ్రయాల తనిఖీవాళ్ల కోసం. ఆ మాస్టర్ చెవుల నమూనాలు 2015లోనే ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి.

గోడ బీరువా

గదితో పాటు వచ్చే బీరువాకు పెద్ద జబ్బు చెవిదే. ఓనరు దగ్గర ఒకటి ఉంటుంది, ముందు అద్దెకున్నవాళ్ల దగ్గర ఒకటి ఉండొచ్చు. చవక లాకుల్లో పక్క అర చెవి దీనికీ పట్టేవి ఉంటాయి. ఇక రెండు రెక్కల బీరువాలో ఎడమ రెక్కకు లోపల పైనా కిందా ఉన్న గడియలు వేయకుండా కుడి రెక్కకు లాక్ వేస్తే, రెండూ కలిపి గట్టిగా లాగితే వచ్చేస్తాయి.

ఓనరుకు ఒక మాట చెప్పి లాక్ మార్చుకోవడం పది నిమిషాల పని. తలుపు లోపలివైపు లాక్ నాలుకకు ఒక స్క్రూ ఉంటుంది. అది విప్పి, వెనకున్న పెద్ద నట్టు తీస్తే లాక్ ముందువైపుకు ఊడొస్తుంది. దాన్నే హార్డ్‌వేర్ షాపుకు తీసుకుపోవాలి, కొలతలు నోటితో చెబితే తప్పుతాయి. రంధ్రం సాధారణంగా 19 మి.మీ. ఉంటుంది కానీ 16 కూడా ఉంటుంది. తలుపు మందం, నాలుక పొడవు కూడా కలవాలి. నాలుక 3 మి.మీ. పొట్టిదైనా చట్రానికి అందదు, లాక్ తిరుగుతుంది గానీ తలుపు పడదు. పాత లాక్‌ను చెవులతో సహా దాచిపెట్టి, ఖాళీ చేసే రోజు మళ్లీ బిగించి ఇస్తే అడ్వాన్సు దగ్గర పేచీ రాదు.

ట్రంకు పెట్టె

గేజి నంబరు పెరిగేకొద్దీ రేకు పలచన. 22 గేజి దాదాపు 0.7 మి.మీ., 24 గేజి 0.56. మూత నడుమ బొటనవేలితో నొక్కితే టప్పుమని లోపలికి పోయేది వద్దు. గొళ్లెం, వెనక బందులు రివిట్లతో బిగించి ఉండాలి. బీగం వేశాక స్క్రూ తలలు బయటికి కనబడుతుంటే ఆ బీగం ఎంత ఖరీదైనదైనా దండగ, స్క్రూడ్రైవర్ చాలు. రెండడుగులు దాటిన పెట్టెకు గొళ్లేలు రెండుండాలి. నడుమ ఒక్కటే ఉంటే మూల లేపి చేయి పెట్టగలిగేంత సందు చేస్తారు.

బీగం కమ్మీ గొళ్లెం రంధ్రాన్ని దాదాపు నింపాలి. సందు మిగిలితే అందులో రాడ్ దూర్చి తిప్పుతారు. బీగం కొనేటప్పుడు ఒకదాని చెవిని షాపులో అదే డబ్బాలోని ఇంకో రెండు బీగాలకు పెట్టి చూడండి, తెరుచుకుంటే అది వద్దని చెప్పేయండి. రెండో చెవి గదిలో మేకుకు తగిలించకుండా పీలేరులోనో పలమనేరులోనో మీ ఇంట్లో పెట్టండి. బీగంలో కొబ్బరినూనె పోయొద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది. పెన్సిల్ ముల్లు పొడి వేస్తే చాలు.

పెట్టెను మోసుకుపోకుండా మంచానికి గొలుసుతో కట్టొచ్చు. కానీ మంచం కాలికి గొలుసు చుడితే, మంచం మూల ఎత్తి గొలుసును కిందికి జార్చేస్తారు. మంచం చట్రం అడ్డకడ్డీ మీదుగా పోనిచ్చి, రెండు చివరి కడియాలనూ గొళ్లెం బీగంలోనే తగిలించాలి. కింది అంతస్తయితే పెట్టె కింద ఇటుకలు తప్పనిసరి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధుల్లో నీళ్లు ఎట్లా పారాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. వాన లేకున్నా నేల చెమ్మకు అడుగు రేకు తుప్పు పడుతుంది.

డిజిటల్ సేఫ్

గోడకో నేలకో బోల్టులు బిగించడానికి ఓనరు ఒప్పుకుంటేనే కొనండి. బిగించని చిన్న సేఫ్‌ను సామానుతో సహా చంకన పెట్టుకుని పోవచ్చు. దాంతో వచ్చిన అత్యవసర చెవిని సేఫ్ లోపలే పెట్టేస్తుంటారు, బ్యాటరీలు అయిపోయిన రోజు అది అందదు.

గదిలో ఉంచకూడనివి

బంగారం వీటిలో ఎందులోనూ వద్దు, బ్యాంకు లాకరులో పెట్టండి. బ్యాంకు లాకరుకు 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం నిప్పు, దొంగతనం, కట్టడం కూలడం, ఉద్యోగి మోసం వల్ల సొత్తు పోతే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్ల దాకా ఉంటుంది. 3,000 అద్దెకు 3 లక్షలు. మార్కుల జాబితాల అసళ్లు ఊర్లోనే ఉంచి, డిజిలాకర్‌లో తీసుకోండి. ఇచ్చిన సంస్థ నుంచే నేరుగా అందులోకి వచ్చిన కాగితం అసలుతో సమానం. మీరు ఫోటో తీసి ఎక్కించినదానికి ఆ విలువ లేదు.

మరి ఎవరికి ఏది? రోజూ తీసి పెట్టే ల్యాప్‌టాప్, బట్టలు లాక్ మార్చిన బీరువాలో. డబ్బు, కార్డులు, డైరీ, ఇంకొకరి కంట పడకూడని కాగితాలు ట్రంకులో. రెండు మూడు నెలలకే గది మారేవాళ్లు మాత్రం ట్రంకు మోయలేరు. వాళ్లకు జిప్పులేని, కొక్కేలతో మూసే గట్టి ప్లాస్టిక్ సూట్‌కేసు మేలు. ట్రంకు కొనబోయే ముందు మంచం కింద ఎత్తు కొలిచి, అందులో ఇటుకకు మూడంగుళాలు తీసేయండి. పెట్టెను ముందుకు లాగి మూత తెరవాలి కాబట్టి గొలుసు రెండడుగులు వదులుగా ఉండేట్టు తీసుకోండి.