తల బయట పాట: ఇల్లు మారేదాకా అద్భుతం

హెడ్‌ఫోన్స్‌లో ఘంటసాల పాత పాట పెడితే ఆయన నా బుర్ర నడిమధ్యన కూర్చుని పాడుతున్నట్టే ఉంటుంది. అప్పటి రికార్డింగులు మోనో, అంటే ఒకే చానల్. రెండు చెవులకూ ఒకే శబ్దం ఒకేసారి చేరేసరికి, దాన్ని బయట ఎక్కడ పెట్టాలో మెదడుకు తెలియదు, లోపలే పెట్టేస్తుంది. చాలామంది దీన్ని పట్టించుకోరు. నాకు ఒకసారి పట్టింది, ఇక వదల్లేదు. ఇంపల్సిఫర్ అనే సాఫ్ట్‌వేర్ దాకా వెళ్లింది పాటను తల బయటికి తేవాలన్న ఈ ఒక్క పిచ్చితోనే.

దానికి ముందు వాడినవి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. క్రాస్‌ఫీడ్ పాత ఉపాయం, 1961లో బెంజమిన్ బాయర్ రాసినది: ఎడమ చానల్‌లో కొంత భాగాన్ని కాస్త ఆలస్యంగా, కాస్త మెత్తబరిచి కుడి చెవికి కూడా పంపడం, అలాగే కుడిది ఎడమకు. తబలా మొత్తం ఒక చెవిలోనే మోగే స్టీరియో పాటలకు ఇది నిజంగా మందు. పాట మాత్రం తల దాటలేదు, మహా అయితే నుదుటి దాకా వచ్చింది. తర్వాత తల ఎటు తిప్పామో కనిపెట్టే ఇయర్‌బడ్స్ కొన్నాను, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. కుర్చీలో కూర్చున్నంతసేపూ బాగానే ఉండేవి. సిటీ బస్సు మలుపు తిరిగితే మాత్రం నేనే తల తిప్పాననుకుని గాయకుణ్ణి కిటికీ వైపు నెట్టేసేవి, కాసేపటికి మళ్లీ మెల్లగా ముందుకు లాక్కొచ్చేవి. ఆ బటన్ ఆపేసి హాయిగా ఉన్నాను.

ఇంపల్సిఫర్ దారి వేరు. చెవి రంధ్రాల దగ్గర చిన్న మైకులు పెట్టుకుని, ఎదురుగా ఉన్న స్పీకర్ల నుంచి కింది స్వరం మొదలుకొని కీచుమనేదాకా లేచే శబ్దాన్ని రికార్డు చేసుకోవాలి. అవే మైకుల మీద హెడ్‌ఫోన్స్ పెట్టి మరోసారి కొలవాలి. ఒక పక్కన మోగిన శబ్దం అవతలి చెవికి 0.6, 0.7 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరడం, నా చెవి డొప్పల మడతలు దాన్ని మార్చే తీరు, గది గోడల ప్రతిధ్వని, అన్నీ ఒక ఫైలులోకి వచ్చేస్తాయి. ఎంఐటీ వాళ్లు 1994లో కెమార్ అనే, మనిషి తల, చెవుల ఆకారంలో చేసిన బొమ్మతో తీసిన కొలతలు ఉచితంగానే దొరుకుతాయి, నేనూ వాడి చూశాను. బొమ్మ చెవులు బొమ్మవే. నాకు వాటితో పాట నడినెత్తి మీద మోగింది.

కొలత పెట్టుకున్నది ఎండాకాలం. ఫ్యాన్ ఆపాలి, కదలకూడదు, మైకుల్లోకి చెమట దిగకూడదు. అంతా కుదిరిందనుకునే వేళకు పక్కింట్లో కుక్కర్ కూత వేస్తుంది. అయినా ఆ రాత్రి ఫైలును హెసువిలో (పాటను ఆ కొలతల గుండా పంపి, హెడ్‌ఫోన్స్‌లో స్పీకర్లే మోగుతున్నట్టు వినిపించే ప్రోగ్రామ్) వేసి ఘంటసాలను పెట్టగానే, స్పీకర్లే మోగుతున్నాయనుకుని ఇంట్లోవాళ్లు లేస్తారన్న కంగారుతో లేచి వెళ్లి స్పీకర్ల ఆంప్లిఫయర్ లైటు చూశాను. ఆరిపోయే ఉంది. ఆయన హాలు అవతలి గోడ దగ్గర నిలబడి పాడుతున్నారు. ఆ రోజుల్లో ఎవరు అడిగినా, అడక్కపోయినా, వేల రూపాయలు పోసి కొత్త హెడ్‌ఫోన్స్ కొనే బదులు ఈ మైకులు కొనుక్కోండి అని చెప్పేవాణ్ణి.

తర్వాత ఇల్లు మారాం. పాత ఇంటి హాలు పెద్దది, నున్నటి బండలు, కర్టెన్లు కూడా సరిగ్గా ఉండేవి కావు. కొత్త ఫ్లాట్‌లో నా వంతుకు వచ్చింది చిన్న బెడ్‌రూమ్: మంచం, పరుపు, గోడ నిండా బట్టల అల్మరా. అదే ల్యాప్‌టాప్, అవే హెడ్‌ఫోన్స్, అదే ఫైలు. పాట మళ్లీ ముక్కు మీదికొచ్చి కూర్చుంది. పైగా బావిలోంచి వస్తున్నట్టు మోత. అప్‌డేట్‌లో విండోస్ శాంపిల్ రేటు అనే సౌండ్ సెట్టింగును మార్చేసిందేమో అని చూశాను, మార్చలేదు. ఇయర్‌ప్యాడ్లు మార్చాను. కళ్లజోడు కాడ వల్ల ప్యాడ్ ఆనడం లేదేమో అని జోడు తీసి విన్నాను. బేస్ కాస్త పెరిగింది, అంతే.

అడ్వాన్సు డబ్బులు తెచ్చుకోవడానికి పాత ఇంటికి వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్ కూడా పట్టుకెళ్లాను. హాల్లో స్పీకర్లు లేవు, సోఫా లేదు, ఏమీ లేదు. ఇదివరకు కుర్చీ ఉండే చోట నేల మీద కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. ఓనరు గారు ఏమనుకున్నారో గానీ, పాట మళ్లీ వెళ్లి గోడ దగ్గర నిలబడింది. ఫైలుకు ఏ రోగమూ లేదు.

దీనికి పేరు కూడా ఉంది, రూమ్ డైవర్జెన్స్ ఎఫెక్ట్. జర్మనీలోని ఇల్మెనావ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో దీని మీద పని చేశారు. మనం కూర్చున్న గది ఎలా మోగాలో మెదడుకు ముందే ఒక అంచనా ఉంటుంది. చెవిలో పడే ప్రతిధ్వని దానికి పొంతన లేకపోతే శబ్దాన్ని బయట నిలబెట్టదు. పరుపూ బట్టలూ నిండిన గదిలో బండల హాలు వినిపిస్తే నమ్మలేదన్నమాట. స్పీకర్లు కళ్లెదుట కనిపించడం కూడా ఎంతో కొంత సాయం చేస్తుందట. పాత ఇంట్లో నాకు అదీ కలిసొచ్చినట్టుంది.

బెడ్‌రూమ్‌లో కొత్తగా కొలుచుకున్నాను. ఇప్పుడు బాగానే ఉంది, కాకపోతే గది ఎంతో పాటకు దూరమూ అంతే. ఘంటసాల చేయి చాస్తే అందేంత దగ్గర్లో ఉన్నారు. పక్కలనుంచి వచ్చే వాయిద్యాలు ఖచ్చితంగా బయటే వినిపిస్తాయి, సరిగ్గా ఎదుటి గొంతు మాత్రం కొన్నిసార్లు నుదుటికి దగ్గరగా జరుగుతుంది. తల తిప్పితే గది మొత్తం నాతోపాటు తిరుగుతుంది. ఇది మొదటి నుంచీ ఉన్నదే, ఆ ఉత్సాహంలో నేను ఎవరికీ చెప్పలేదు. స్మిత్ రియలైజర్ లాంటి పరికరాలు తల కదలికను కూడా లెక్కలోకి తీసుకుంటాయి గానీ వాటి ధర నా జీతంతో ఆలోచించేది కాదు. గిటారు తీగ మీద వేలు జారే చప్పుడు లాంటి సన్నటి వివరాలు వినాలంటే అన్నీ ఆపేసి మామూలుగానే వింటాను. గది ప్రతిధ్వని వాటిని మింగేస్తుంది.

ఇంకొకళ్లకు వినిపించి గొప్పలు పోయే వస్తువు కూడా కాదిది. మా బావమరిదికి పెడితే, "వెనకనుంచి పాడుతున్నాడేంటి బావా?" అన్నాడు. అవి నా చెవుల కొలతలు మరి.

మంచి స్పీకర్లు ఉండి, రాత్రిళ్లు ఇంట్లోవాళ్లు పడుకున్నాక వాటిని మోగించలేని నాలాంటివాళ్లకైతే ఈ శ్రమ దండగ కాదు. నేను ఇప్పటికీ రోజూ వాడుతున్నాను. ఫోనూ బస్సూ తప్ప వేరే చోట పాటలు వినని వాళ్లకు క్రాస్‌ఫీడ్ చాలు. రెండేళ్లకోసారి అద్దె ఇల్లు మారేవాళ్లు మైకులు మాత్రం అమ్మేయకండి, మళ్లీ పనికొస్తాయి.