గోంగూర చార్ సియూ బావో: ఆవిరి మీద మేలా, ఓవెన్‌లో మేలా?

రెండేళ్లుగా మా ఇంట్లో గోంగూర కలిపిన చార్ సియూ బావో చేస్తున్నాను. తీపి పూతతో కాల్చిన పంది మాంసం చార్ సియూ; దాన్ని లోపల పెట్టి చేసే మెత్తని చైనా బన్ను బావో. ఇక్కడ సింగపూర్‌లో మా ఇంటికి భోజనానికి వచ్చే తెలుగువాళ్లు తిన్నాక అడిగే ప్రశ్న ఒకటే: "మేమూ చేసుకోవాలంటే ఆవిరి మీద ఉడికించాలా, ఓవెన్‌లో కాల్చాలా?" ఒక్కొక్కరికీ ఫోనులో చెబుతూ వచ్చిన సమాధానాన్ని ఈసారి వివరంగా రాస్తున్నాను. చార్ సియూ మాంసం కాల్చడం, పిండి పొంగించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

రెండింటిలో ఏది అసలైనదన్న వాదన అనవసరం. దక్షిణ చైనాలోని కాంటన్, హాంకాంగ్ వైపు పొద్దున టీతో తినే చిరుతిళ్లలో వెదురు బుట్టలో వచ్చే తెల్లని బావో ఎంత సొంతమో, అక్కడి బేకరీల్లో గుడ్డు పూసి ఎర్రగా కాల్చిన బన్నూ అంతే సొంతం. 2009లో హాంకాంగ్‌లోని మోంగ్ కాక్ పేటలో చిన్న దుకాణంగా మొదలైన టిమ్ హో వాన్ అనే హోటల్‌కు పేరు తెచ్చినది పైన చక్కెర పెంకు కరకరలాడే ఓవెన్ బావోనే. చైనా నుంచి హవాయి చెరకు తోటలకు పనికి వెళ్లినవాళ్లు ఈ వంటను వెంట తీసుకుపోయారు. అక్కడ దాని పేరు మనపువా. ఆవిరిదీ దొరుకుతుంది, కాల్చినదీ దొరుకుతుంది. లోపల కోడి కూర పెట్టినవి కూడా అమ్ముతారు. అందుకే గోంగూర పెట్టడానికి నేనెప్పుడూ సంకోచించలేదు. (బావో అంటే చుట్టినది, పొట్లం కట్టినది అని. పావ్ భాజీలోని పావ్ పోర్చుగీసు మాట. వినడానికి దగ్గరగా ఉన్నా రెండింటికీ చుట్టరికం లేదు.)

నా దృష్టిలో తేల్చవలసినది ఒక్కటే: గోంగూర పులుపు నాలుకకు ఎంత శుభ్రంగా అందుతుంది? చార్ సియూ అసలే తీపి మాంసం. తేనె, హోయిసిన్ అనే తియ్యని సోయా సాస్, ఐదు మసాలాల పొడి, పైన మాల్టోజ్ అనే చిక్కని తీపి పాకం పూత. నేను మాల్టోజ్ బదులు బెల్లం పాకం పూస్తాను. ఇంత తీపికి ఎదురు నిలబడడానికే గోంగూర వేస్తున్నాం. ఓవెన్ బన్ను పిండిలో వెన్న, గుడ్డు, పాలు ఉంటాయి. పైన కాలిన పొరకు తనదైన కమ్మదనం ఉంటుంది. అవన్నీ కలిసి పులుపును మెత్తబరుస్తాయి. కొరికితే ముందు వెన్న, తరువాత మాంసం తెలుస్తాయి. ఆకు రుచి ఎక్కడో చివర లీలగా తగులుతుంది. ఆవిరి బావో పిండి అలా కాదు. వేడి అన్నంలా తాను పక్కకు తప్పుకుని లోపలి కూరను మాట్లాడనిస్తుంది. అందుకే గోంగూర వేసినంత కాలం నా ఓటు ఆవిరికే.

పులుపు నిలవాలంటే గ్రేవీ కుదరాలి. పన్నెండు బావోలకు 250 గ్రాముల చార్ సియూ చాలు. సెనగ గింజంత ముక్కలుగా కోయాలి. ఒక చెంచా ఆయిస్టర్ సాస్, ఒక చెంచా సోయా సాస్, రెండు చెంచాల చక్కెర, అర గ్లాసు నీళ్లు కలిపి మరగనివ్వాలి. ఒకటిన్నర చెంచా కార్న్ ఫ్లోర్‌ను కొంచెం చన్నీళ్లలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. మొదట్లో నేను గోంగూరను ఈ నీళ్లలోనే వేసి అన్నీ కలిపి ఉడికించేదాన్ని. పొయ్యి మీద చిక్కగా కనిపించేది. చల్లారాక చూస్తే గిన్నె అడుగున నీరు తేలేది. పులుపులో ఎక్కువసేపు ఉడికితే కార్న్ ఫ్లోర్ పట్టు సడలిపోతుంది. ఆ సంగతి తెలిశాక వరుస మార్చాను. గ్రేవీ పూర్తిగా చిక్కబడి, పొయ్యి ఆపిన తరువాతే గోంగూర కలుపుతున్నాను. ఆ తరువాత మాంసం కలిపి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. మర్నాటికి చెంచాతో తీస్తే కోవాలా ముద్దగా రావాలి. అలా వస్తే ఒక్కో బావోలో ఎంత పెట్టినా పిండి తడవదు.

గోంగూరను ఎంతవరకు వేయించాలో మా అత్తగారు చూపించారు. గుంటూరు నుంచి వచ్చి మూడు నెలలు మాతో ఉన్నారు. ఆవిడ పంది మాంసం ముట్టరు, కానీ పొయ్యి పక్కన నిలబడి ఆకును మాత్రం వదలలేదు. ఇక్కడి లిటిల్ ఇండియాలోని టెక్కా మార్కెట్లో తెచ్చిన కట్టను తుంచి నూనెలో వేస్తే ముందు ఆకుపచ్చ పోయి చింతపండు రంగుకు తిరిగింది. అయిపోయిందని నేను మంట తగ్గించబోయాను. "ఇంకా చెమ్మ ఉందమ్మా. ముద్ద గిన్నెను వదిలి గరిటెకు అంటుకుని తిరగాలి, అప్పటిదాకా కలుపుతూనే ఉండు," అన్నారు. మరో ఆరేడు నిమిషాలు పట్టింది. అంచున నూనె తేలింది. రెండు ఎండుమిరపకాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు దంచి అందులోనే వేశారు. ఆ ముద్ద రెండు పెద్ద చెంచాలు సరిపోతుంది.

ఇక పిండి. బావోకు గ్లూటెన్ (పిండికి సాగే గుణం ఇచ్చే పదార్థం) తక్కువ ఉన్న పిండి కావాలి. బావోల కోసమే అమ్మే హాంకాంగ్ పిండి దొరికితే సరే, లేకపోతే 255 గ్రాముల మైదాలో 45 గ్రాముల కార్న్ ఫ్లోర్ కలపండి. 4 గ్రాముల ఈస్టు, 160 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలు, ఒక చెంచా నూనె. చక్కెర 60 గ్రాములు వేయడం మామూలు, గోంగూర కోసం నేను 40తో ఆపుతాను. పిండి పొంగాక రెండు చిన్న చెంచాల బేకింగ్ పౌడరు చల్లి మళ్లీ బాగా పిసకాలి. దుకాణాల్లోలాగా తల పువ్వులా విచ్చుకోవాలంటే ఇంకా మెత్తని పిండి, బేకింగ్ అమోనియా, ఉధృతమైన ఆవిరి కావాలి. ఇంట్లో విచ్చకపోయినా రుచికి లోటు లేదు.

ఆవిరి వంటకు సామాను మన ఇళ్లలో ఉన్నదే. ఇడ్లీ పాత్రలోంచి ఇడ్లీ రేకులు తీసేసి, చిల్లుల పళ్లెం పెట్టి, ఒక్కో బావో కింద చిన్న కాగితం ముక్క వేస్తే చాలు. మూతకు మాత్రం పలుచని బట్ట కట్టి తీరాలి. మూత నుంచి ఒక్క చుక్క పడినా అక్కడ తెల్లని పైపొర గుంట పడి పసుపు మచ్చగా మారుతుంది. పన్నెండు నిమిషాలు ఉడికాక పొయ్యి ఆపి, మూత ఒక పక్క కొంచెం జరిపి మూడు నిమిషాలు వదిలేయండి. ఒక్కసారిగా తీస్తే చల్లగాలికి ముడతలు పడి కుంగిపోతాయి.

ఓవెన్‌కు న్యాయం చేయాలి కదా. పదిమందికి పట్టుకెళ్లాలన్నా, చల్లారాక తినాలన్నా అదే మేలు. ఆవిరి బావో చల్లారితే బిగుసుకుంటుంది, ఓవెన్ బన్ను సాయంత్రం దాకా మెత్తగా ఉంటుంది. గోంగూర లేకుండా మామూలు చార్ సియూ పెట్టేటప్పుడు నేను కూడా ఓవెనే వెలిగిస్తాను. ఆ వెన్న వాసన తీపి మాంసానికి బాగా నప్పుతుంది. దానికి మాత్రం గ్లూటెన్ ఎక్కువ ఉన్న బ్రెడ్డు పిండి వాడాలి, 180 డిగ్రీల వద్ద పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు. ఓవెన్‌లోనే గోంగూర పెట్టి తీరాలంటే ముద్దను రెండు చెంచాల నుంచి మూడుకు పెంచి, పైన చక్కెర పాకం పూయడం మానండి.

ఎయిర్ ఫ్రైయర్‌లో పైన గట్టిపడి లోపల పచ్చిగా మిగిలింది, మళ్లీ ప్రయత్నించలేదు. పెనం మీద అడుగు వేయించి నీళ్లు చిలకరించే పద్ధతి బాగానే ఉంటుంది కానీ అది షాంఘై వైపు వంట, రుచి దారే వేరు. పంది మాంసం తిననివారు కోడి తొడ మాంసంతో ఇదే కొలతలో చేసుకోవచ్చు.

మిగిలిన ఆవిరి బావోలను చల్లారాక ఫ్రీజర్‌లో పెట్టండి, మూడు నాలుగు వారాలు నిలుస్తాయి. తినే రోజు కరగనివ్వకుండా నేరుగా ఇడ్లీ పాత్రలో పది నిమిషాలు పెడితే, అప్పుడే చేసినట్టు ఉబ్బి వస్తాయి.