పాత వార్తకు కొత్త తేదీ వేసి అమ్ముతున్నారు, తోటి వ్యాపారులు జాగ్రత్త

వ్యాపార బ్లాగులకు 'ఏ రోజు వార్త ఆ రోజే' వెతికి వ్యాసం రాసి ఇస్తామని మన వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ప్రకటనలు పెడుతున్న ఆ సంస్థ ఏదో మీలో చాలామందికి తెలుసు. నేను వారికి మూడు నెలలకు 18,000 రూపాయలు ముందుగానే కట్టాను. నిన్న రాత్రి వారితో మాట్లాడిన తరువాత నాకు నిద్ర పట్టలేదు. ఇంకొకరు మోసపోకూడదని ఇది రాస్తున్నాను.

నాది పిల్లల రెడీమేడ్ దుస్తుల హోల్‌సేల్ వ్యాపారం. మా దగ్గర సరుకు తీసుకునే చిన్న దుకాణదారుల కోసమే ఆ బ్లాగు పెట్టాను. పన్నులు, పండుగ సీజన్, ప్రభుత్వ నిబంధనల గురించి వారికి వెంటనే తెలియాలన్నది నా ఉద్దేశం. సీజన్ పనిలో అంశాలు వెతకడానికి తీరిక లేక ఆ బాధ్యతను వీరికి అప్పగించాను.

2025 సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి సమావేశమై 12, 28 శాతం పన్ను శ్లాబులను తొలగించాలని నిర్ణయించింది. కొత్త రేట్లు 22 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు వెయ్యి రూపాయల వరకు ఉన్న రెడీమేడ్ దుస్తులకు 5 శాతం, ఆపైన 12 శాతం ఉండేది. ఇప్పుడు ఒక్కో దుస్తుకు 2,500 రూపాయల వరకు 5 శాతం, ఆ ధర దాటితే 18 శాతం. మా వ్యాపారంలో ఈ ఏడాది ఇంతకంటే పెద్ద వార్త లేదు. అయినా 23వ తేదీన వారు పంపిన 'దసరా అమ్మకాలు - తాజా పన్ను వివరాలు' అనే వ్యాసంలో వెయ్యి దాటిన దుస్తులపై 12 శాతమే వేయాలని ఉంది. తరువాత వెతికి చూస్తే అది ఏడాది కిందటి వ్యాసం. తేదీ ఒక్కటే మార్చారు.

దాన్ని చదవకుండానే ప్రచురించింది నేను. నా బిల్లుల్లో 22వ తేదీ ఉదయమే రేట్లు మార్చుకున్న నేను, నా దుకాణం పేరుతో వెళ్లే వ్యాసాన్ని ఐదు నిమిషాలు కూర్చుని చదవలేదు. ఈ తప్పు నాదేనని ఒప్పుకుంటున్నాను. మా దగ్గర 900కు కొన్న ఫ్రాకును 1,400కు అమ్మే ఒక దుకాణదారు, మా వ్యాసం చూసి బిల్లింగ్‌లో రేటు మార్చకుండా నాలుగు రోజులు 5 శాతానికి బదులు 12 శాతం వసూలు చేశారు. ఒక కొనుగోలుదారు దినపత్రిక తెచ్చి అందరి ముందు నిలదీశాక ఆయన నాకు ఫోన్ చేశారు. 'మీరు రాశారు కదా అని నమ్మానండీ' అన్నారు. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు.

నేను వెంటనే ఆ సంస్థకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. క్షమాపణ అడుగుతారనీ, కనీసం సవరణ పంపుతారనీ అనుకున్నాను. అవతల మాట్లాడిన వ్యక్తి అంతా విని, 'సార్, బట్టల కొట్టు బ్లాగును మనుషులు చదువుతారా? కొత్త తేదీ గూగుల్‌కు కనిపిస్తే చాలు' అన్నారు. చదివినవారు ఉన్నారు, ఆయన దుకాణంలో గొడవ జరిగింది అని మళ్లీ చెబితే, 'పన్ను విషయాలు ఆడిటర్‌ను అడగాలి గానీ బ్లాగు చూసి బిల్లు వేస్తారా' అని ఎదురు ప్రశ్నించి ఫోన్ పెట్టేశారు. డబ్బు పోయినందుకు కూడా నాకు ఇంత బాధ లేదు. పదిహేనేళ్లుగా నన్ను నమ్మి సరుకు తీసుకుంటున్నవారు వారి లెక్కలో మనుషులే కారన్న మాట. ఆ మాటను నేను మరచిపోలేకపోతున్నాను.

ఆ రాత్రి వారు ఇచ్చిన మిగిలిన వ్యాసాలన్నీ తీసి చదివాను. చిన్న పరిశ్రమల మీద రాసిన వ్యాసంలో సూక్ష్మ సంస్థ అంటే కోటి పెట్టుబడి, 5 కోట్ల టర్నోవర్ లోపు అని ఉంది. అది 2020 నాటి పరిమితి. 2025 ఏప్రిల్ 1 నుంచి అది రెండున్నర కోట్ల పెట్టుబడి, 10 కోట్ల టర్నోవర్‌కు పెరిగింది. అన్నింటినీ తొలగించి, జీఎస్టీ వ్యాసం ఉన్నచోట సవరణ పెట్టి, దుకాణదారులందరికీ విడివిడిగా సందేశం పంపాను. డబ్బు తిరిగి ఇవ్వమని రాసిన ఈమెయిల్‌కు ఇంతవరకు జవాబు లేదు.

ఇలాంటివారితో మాట్లాడుతున్నవారు డబ్బు కట్టే ముందు ఒక్కటి అడగండి: ప్రతి అంశంతో పాటు దాని మూల ప్రకటన సంఖ్య, తేదీ, అమల్లోకి వచ్చే రోజు ఇస్తారా అని. రెడీమేడ్ దుస్తుల కొత్త రేటుకైతే సెప్టెంబరు 17న వెలువడిన నోటిఫికేషన్ ఉంది. నిజంగా వెతికినవారికి అది దొరకకుండా ఉండదు. నేను ఇకపై ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో ప్రకటనలు, పరోక్ష పన్నుల బోర్డు నోటిఫికేషన్లు రోజూ ఉదయం కొట్టు తెరవకముందు నేనే చూసుకుంటాను. వారానికి ఒక్క వ్యాసమే వచ్చినా సరే, నేను చదివిందే పెడతాను.