క్లచ్ మార్చాక "నడిస్తే సెట్ అవుతుంది" అంటే నమ్మకండి

కారుకి క్లచ్ మార్పించబోతున్నవాళ్లు, ఈమధ్యే మార్పించినవాళ్లు ఒక్కసారి ఇది చదవండి. విజయవాడలో ఒక మెకానిక్ షెడ్‌లో మా పాత డీజిల్ కారుకి క్లచ్ ప్లేట్, ప్రెజర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ కొత్తవి వేయించాం. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి షెడ్ పేరు రాయడం లేదు. వేసిన సామాను మంచిదే. పెడల్ తేలిగ్గా దిగుతోంది, గేర్లు చక్కగా పడుతున్నాయి. తంటా అంతా క్లచ్ దాకా వెళ్లడానికి విప్పి, మళ్లీ సరిగ్గా బిగించని వాటితో వచ్చింది.

బండి ఇంటికి వచ్చిన మర్నాడు సిమెంటు నేల మీద నూనె మరక కనిపించింది. ఫస్ట్ గేర్‌లో క్లచ్ వదలగానే కింద 'టక్'మంటోంది, రివర్స్‌లో ఇంకా గట్టిగా. గుంతలో దిగితే ముందు ఎడమ చక్రం దగ్గర గలగల. ఫోన్ చేస్తే, "కొత్త క్లచ్ కదా సార్, కొంచెం నడిస్తే సెట్ అవుతుంది" అన్నారు.

కొత్త ప్లేటు సర్దుకోవడానికి కొంత దూరం పట్టడం నిజమే. మొదట్లో కాస్త అదురు, కొద్దిగా వాసన ఉండొచ్చు. కానీ నూనె కారడం నడిస్తే తగ్గదు. వదులైన బోల్టు నడిచేకొద్దీ ఇంకా వదులవుతుంది.

మన చిన్న కార్లలో చాలావరకు ముందు చక్రాలతో నడిచేవే. వాటిలో క్లచ్ ఇంజిన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య ఉంటుంది, కాబట్టి గేర్ బాక్స్ దించాల్సిందే. అది దిగాలంటే గేర్ ఆయిల్ తీసేయాలి, రెండు యాక్సిళ్లూ (గేర్ బాక్స్ నుంచి చక్రాల్ని తిప్పే కడ్డీలు) లాగాలి. యాక్సిల్ బయటికి రావాలంటే హబ్ నట్ (చక్రం మధ్యలో యాక్సిల్‌ని పట్టి ఉంచే నట్), లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ (చక్రాన్ని కింద పట్టి ఉంచే కీలు) విప్పాలి. స్టార్టర్ మోటారు, గేర్ కేబుళ్లు, గేర్ బాక్స్ మౌంటింగ్, కొన్ని మోడళ్లలో ఇంజిన్ కింది ఫ్రేమ్ కూడా. వీటిలో ఏది వదిలేసినా క్లచ్ పనిచేస్తూనే ఉంటుంది, అందుకే బండి ఇచ్చేటప్పుడు ఎవరికీ అనుమానం రాదు.

తర్వాత ఆటోనగర్‌లో తెలిసిన ఇంకో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన వెంటనే పానా ముట్టుకోలేదు. గేర్ బాక్స్ చుట్టూ ఉన్న జిడ్డంతా తుడిచి, కొద్ది దూరం తిప్పి, కింద అట్టముక్క పరిచి రాత్రంతా వదిలేశారు. ఇది మీరూ ఇంట్లో చేసుకోవచ్చు. బండి నడిచేటప్పుడు గాలికి నూనె వెనక్కి పాకుతుంది, అందుకని చుక్క పడుతున్న చోటే లీకు ఉందనుకోకూడదు. తడి ఉన్న భాగంలో అన్నిటికంటే పైన, ముందువైపు ఎక్కడ మొదలైందో అది చూడాలి. (జాకీ ఒక్కటే పెట్టి బండి కిందికి మాత్రం దూరకండి. పిట్ గానీ లిఫ్ట్ గానీ ఉన్న చోటే చూపించండి.)

కారినది ఏ నూనె అన్నదీ ముఖ్యమే. గేర్ ఆయిల్ చిక్కగా ఉండి గంధకం లాంటి ఘాటు వాసన కొడుతుంది. డీజిల్ బండి ఇంజిన్ ఆయిల్ నల్లగా ఉంటుంది. క్లచ్ హైడ్రాలిక్ (కేబుల్ బదులు నూనె ఒత్తిడితో పనిచేసేది) అయితే బ్రేక్ ఆయిల్ కూడా కారొచ్చు, అది పల్చగా ఉంటుంది, పెయింట్ మీద పడితే రంగు లేస్తుంది. చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మినట్టుంటే చిరిగింది యాక్సిల్ బూటు (యాక్సిల్ కీలు మీది రబ్బరు తొడుగు), ఆయిల్ సీల్‌తో (నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) దానికి సంబంధం లేదు.

మాది గేర్ ఆయిల్, ఎడమ యాక్సిల్ గేర్ బాక్స్‌లోకి వెళ్లే చోట. యాక్సిల్ తోసేటప్పుడు సీల్ అంచు చిట్లిందట. అదే ఇంజిన్, గేర్ బాక్స్ కలిసే చోట అడుగున చుక్కలు పడితే ఇంకా పెద్ద పని. అది ఇంజిన్ వెనక సీల్ కావచ్చు, గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ కావచ్చు. ఆ నూనె క్లచ్ ప్లేట్‌కి అంటితే కొత్త ప్లేటు జారడం మొదలవుతుంది, కడిగితే బాగుపడదు. గేర్ బాక్స్ మళ్లీ దించాలి. మా బండిలో అక్కడ పొడిగానే ఉంది.

నూనె కంటే నన్ను భయపెట్టింది బోల్టులు. గేర్ బాక్స్ మౌంటింగ్ బోల్టుల్లో ఒకటి చేత్తో తిరిగింది, 'టక్' శబ్దం దానిదే. గలగల వచ్చింది బాల్ జాయింట్ పట్టి ఉంచే బోల్టు నుంచి. నట్ తొడిగారు, బిగించలేదు. అది ఊడితే చక్రం పక్కకి వాలిపోతుంది, స్టీరింగ్ చేతిలో ఉండదు. ఆ స్థితిలో మేం గుంటూరు హైవే మీద వెళ్లొచ్చాం. దీన్ని నేను నిర్లక్ష్యం అనే అంటాను, ఇంకో మాట లేదు.

మీకు క్లచ్ పని తర్వాత స్టీరింగ్ ఒకవైపు లాగితే కింది ఫ్రేమ్ సరిగ్గా కూర్చుందో లేదో చూపించండి. స్టార్ట్ చేసేటప్పుడు కరకరమంటే స్టార్టర్ బోల్టులు. ఒక స్పీడ్‌లో బండంతా అదిరితే గేర్ బాక్స్, ఇంజిన్ కలిసే బోల్టులు, లోపలి ఫ్లైవీల్ బోల్టులు కూడా అనుమానించాలి. గేర్‌లో ఉన్నప్పుడు కొత్తగా హోరు వస్తే ముందు గేర్ ఆయిల్ లెవెల్ చూడమనండి, తక్కువతో నడిపితే బేరింగులు పోతాయి.

పని ఇచ్చే ముందే అడగాల్సిన మాట ఒకటుంది: "గేర్ బాక్స్ దించుతారు కదా, యాక్సిల్ సీళ్లు రెండూ కొత్తవి వేస్తారా, ఇంజిన్ వెనక సీల్ చూసి ఫొటో పంపిస్తారా?" సీల్ ఖరీదు వందల్లో ఉంటుంది. తర్వాత దానికోసమే మళ్లీ విప్పితే లేబర్ వేలల్లో. హబ్ నట్ ఎయిర్ గన్‌తో కొట్టి వదిలేయకుండా టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే పానా) బిగించమనండి. చక్రం నట్లు 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి చూపించండి.

లీకు కనిపిస్తే, రెండో మెకానిక్ చేయి పెట్టకముందే ఓడోమీటర్‌తో సహా వీడియో తీసి మొదటి షెడ్‌కి వాట్సాప్‌లో పంపండి. ఎందుకంటే మాకు వాళ్లు వెంటనే చెప్పిన మాట, "వేరేవాళ్లు విప్పారు, ఇక మాకు సంబంధం లేదు" అని. విప్పకముందు తీసిన వీడియో చూపించాక గొంతు తగ్గింది. బిల్లులో లేబర్ విడిగా రాయించుకోండి. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్లలోపు కేసు వేయాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు.

లేబర్ డబ్బు వెనక్కి ఇస్తామని షెడ్‌వాళ్లు నోటిమాటగా అన్నారు. రాసి ఇవ్వమన్నాను, ఇంకా ఇవ్వలేదు.